నేల బిగువు చెప్పే చువ్వ: గట్టి పొరను చేత్తో కనిపెట్టడం ఎలా?

నీరు పెట్టాం, ఎరువు వేశాం, విత్తనమూ మంచిదే. అయినా ఒక మడిలో పైరు నడుమెత్తు పెరిగితే పక్క మడిలో మోకాలెత్తు దాటదు. వాన కురిస్తే రెండో రోజుకీ నీళ్లు ఇంకవు. వాన వెలిసి నాలుగు రోజులు ఎండ కాస్తే అదే చేలో మొక్క తల వాలుస్తుంది. నీరు నిలవడం, బెట్టకు త్వరగా వాడటం రెండూ ఒకే చోట కనబడితే లోపం ఎరువులో కాకుండా కింది మట్టిలో ఉండవచ్చు. అడుగు లోతులోపు ఎక్కడో ఒక గట్టి పొర బిగిసి, నీటినీ వేరునూ అడ్డుకుంటూ ఉంటుంది.

ఈ సంగతి భూసార కార్డులో కనబడదు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన ఆ కార్డు 12 అంశాలు చెబుతుంది: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. కన్నడంలో అచ్చయినా మరాఠీలో అచ్చయినా అందులో నేల ఎంత బిగుసుకుందన్న గడి ఉండదు. మట్టిని సంచిలో పోసి ప్రయోగశాలకు పంపితే ఆ బిగువు దారిలోనే పోతుంది కనుక దాన్ని చేలోనే చూడాలి. అందుకు ఒక ఇనుప చువ్వ, చేతి బలం, సరైన రోజు ఉంటే చాలు.

నేల ఎందుకు బిగుస్తుంది?

మంచి నేలలో సుమారు సగం భాగం ఖాళీయే. ఆ సందుల్లో కొంత గాలి, కొంత నీరు ఉంటాయి. పైనుంచి బరువు పడితే ముందుగా పెద్ద సందులు మూసుకుపోతాయి. నీరు కిందికి దిగేదీ, గాలి ఆడేదీ, వేరు దారి వెతుక్కునేదీ ఆ పెద్ద సందుల్లోనే.

బిగువు మూడు రకాలుగా వస్తుంది. మొదటిది దమ్ము పొర. ఏటా వరికి దమ్ము చేసే మడిలో 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతున ఇది ఏర్పడుతుంది. రెండోది దుక్కి పొర. ఏళ్ల తరబడి ఒకే లోతున నాగలి గానీ రోటావేటర్ గానీ నడిస్తే దాని అడుగున మట్టి రుద్దుకుని పలకలా తయారవుతుంది. రోటావేటర్ లోతుగా పోదు కాబట్టి ఈ పొర పైకే ఉంటుంది. మూడోది చక్రాల బరువు. టైరులో గాలి ఎక్కువైతే పైమట్టి అణుగుతుంది. ఇరుసు మీద మొత్తం బరువు ఎక్కువైతే లోపలి మట్టి అణుగుతుంది. తడి నేలలో ధాన్యం నింపుకున్న కోత యంత్రమో ట్రాక్టరు ట్రాలీయో తిరిగితే ఆ దెబ్బ దుక్కి అందని లోతుకు పోతుంది. అణగడంలో ఎక్కువ భాగం చక్రం మొదటిసారి నడిచినప్పుడే జరుగుతుంది. అందుకే చేనంతా తిప్పడం కంటే ఒకే బాటలో పదిసార్లు తిప్పడం మేలు.

చువ్వ చేయించుకోవడం

మన ఇళ్లలో గునపం ఉంటుంది. కన్నడిగులు దాన్ని హారె అంటారు, తమిళులు కడప్పారై, మరాఠీవాళ్లు పహార్. కానీ ఈ పనికి గునపం పనికిరాదు. దాని బరువుకే అది దిగిపోతుంది కనుక మట్టి ఎక్కడ అడ్డుతగిలిందో చేతికి తెలియదు.

వెల్డింగ్ షాపులో 10 మిల్లీమీటర్ల నున్నటి గుండ్రని ఉక్కు కమ్మీ ఒక మీటరు పొడవున కోయించండి. పైన అడ్డంగా ఒక జానెడు పిడి అతికించాలి. కింద 13 మిల్లీమీటర్ల వెడల్పున్న శంకువు మొన పెట్టించాలి. లేత్ మిషన్ ఉన్న చోట మొన పొడవు 24 మిల్లీమీటర్లు వచ్చేలా చెక్కించుకుంటే దాని కోణం సుమారు 30 డిగ్రీలు అవుతుంది. వ్యవసాయ ఇంజినీర్లు వాడే చిన్న శంకువు కొలత దాదాపు ఇదే.

మొన కమ్మీ కంటే లావుగా ఉండటం ముఖ్యం. రెండూ ఒకే లావైతే బంకమట్టి కమ్మీని పక్కలనుంచి పట్టుకుంటుంది. అప్పుడు మీ చేతికి తెలిసేది మొన ముందున్న అడ్డు కాదు, పక్కల రాపిడి. మెలికల కమ్మీ వాడకూడదన్నదీ ఇందుకే. చివరగా మొన నుంచి ప్రతి 5 సెంటీమీటర్లకు రంగుతో గీత పెట్టుకోండి.

ఎప్పుడు పొడవాలి?

ఈ పని చెడిపోయేది ఎక్కువగా రోజు ఎంచుకోవడంలోనే. ఎండిన నేల ఎక్కడ పొడిచినా గట్టిగానే ఉంటుంది. తడిసి ముద్దయిన నేలలో గట్టి పొర కూడా మెత్తగా తోస్తుంది. నేలకు పదును ఉన్నప్పుడే పొడవాలి. మరాఠీ రైతు వాఫ్సా అనేదీ, కన్నడ రైతు హద అనేదీ ఆ స్థితినే.

మంచి వాన పడ్డాకో, నిండుగా తడి పెట్టాకో తేలిక నేలల్లో ఒక రోజు, బరువు నేలల్లో రెండు మూడు రోజులు ఆగండి. జానెడు లోతు మట్టి తీసి పిడికిట నొక్కి చూడండి. ముద్ద కట్టి, వేలితో తడితే విడిపోవాలి. చేతికి బురద అంటితే ఇంకా ఆగాలి. ముద్ద కట్టకుండా పొడిగా రాలితే అదును దాటిపోయినట్టే. పైమట్టికి పదును ఉండి కింద ఎండిపోయి ఉంటే చువ్వ ఆ హద్దు దగ్గర ఆగిపోతుంది. దాన్ని గట్టి పొర అనుకోవద్దు, తడి ఎంత లోతు దిగిందో ముందు చూసుకోండి.

ఎలా పొడవాలి?

చువ్వను నిటారుగా నిలిపి రెండు చేతులతో ఒకే వేగంతో అదమాలి. కొట్టకూడదు, కుదపకూడదు, తిప్పకూడదు. ప్రామాణిక వేగం సెకనుకు 3 సెంటీమీటర్లు. అంటే నింపాదిగా పది అంకెలు లెక్కపెట్టేలోపు అడుగు లోతు దిగాలి.

బలం ఎక్కడ ఒక్కసారిగా పెరిగింది, మళ్లీ ఎక్కడ తగ్గింది అన్న రెండు లోతులూ రాసుకోవాలి. పొర పైఅంచు ఎక్కడుందో మొదటిది, అడుగు ఎక్కడుందో రెండోది చెబుతాయి. చాలామంది మొదటిది చూసి ఆపేస్తారు. రెండోది లేకపోతే నాగలి ఎంత లోతు దింపాలో తెలియదు.

ఎకరాకు కనీసం పది చోట్ల అడ్డదిడ్డంగా నడుస్తూ పొడవండి. చక్రాల బాటలూ, ట్రాక్టరు మలుపు తిరిగే చివరలూ విడిగా రాసుకోండి. ఆ తర్వాత అదే రోజు, అదే రకం మట్టిలో, దుక్కీ చక్రమూ తగలని చోట రెండు మూడు పోట్లు పొడవండి. కంచె పక్కనో, పాత చెట్టు కిందో అలాంటి చోటు దొరుకుతుంది. మీ నేల సహజంగా ఎలా ఉండేదో చెప్పేది ఆ చోటే. దానితో పోల్చుకోకుండా చేలోని లెక్క ఒక్కటే చూస్తే అర్థం సగమే.

బలాన్ని కిలోల్లో కొలవడం

చేతి అంచనా మనిషికి మనిషికి మారుతుంది. ఇంట్లో బరువు చూసుకునే ముల్లు మిషన్ ఉంటే ఆ తేడా తీరుతుంది. చదునైన పలక మీద మిషన్ పెట్టి, చువ్వ పట్టుకుని దానిపై నిలబడండి. చువ్వ మొన మాత్రం మిషన్ పక్కన నేలమీద ఉండాలి. ముందుగా చువ్వను ఎత్తి పట్టుకుని బరువు చూడండి. 62 కిలోలు వచ్చిందనుకుందాం. ఇప్పుడు చువ్వను నేలలోకి అదుముతుంటే ముల్లు వెనక్కి వస్తుంది. అది 35 దగ్గర ఉన్నప్పుడు మీరు నేలమీద పెడుతున్న బలం 27 కిలోలు. ముల్లు చదవడానికి పక్కన ఇంకొకరు ఉండాలి. అంకెల మిషన్లు చాలావరకు ఒక అంకె దగ్గర ఆగిపోతాయి కనుక ముల్లుదే నయం.

27 కిలోలు ఎందుకంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు 20 కిలోల అడ్డు తగిలితే చాలా పంటల వేళ్లు దాదాపు ఆగిపోతాయని వ్యవసాయ శాస్త్రం వాడే గీత. అది 2 మెగాపాస్కల్స్, పాత లెక్కలో చదరపు అంగుళానికి 300 పౌండ్లు. 13 మిల్లీమీటర్ల మొన వైశాల్యం 1.33 చదరపు సెంటీమీటర్లు కనుక ఆ గీత 27 కిలోల దగ్గర పడుతుంది. మొన 16 మిల్లీమీటర్లదైతే 40 కిలోలు అవుతుంది. 20 మిల్లీమీటర్లు దాటితే 60 కిలోల పైమాటే, సన్నటి మనిషి తన బరువంతా వేసినా చాలదు. అందుకే సన్న మొన.

ఈ గీత దాటినంత మాత్రాన వేరు దిగదని కాదు. వేరు వంగగలదు, దాని కొస జారుడుగా ఉంటుంది, వానపాము బొరియో పాత వేరు కుళ్లిన సందో దొరికితే అందులోంచి దిగిపోతుంది. చువ్వకు ఆ తెలివి లేదు. కాబట్టి వేరుకు తగిలే అడ్డు కంటే చువ్వకు తగిలేది ఎప్పుడూ ఎక్కువే.

ఎన్ని పోట్లలో గీత దాటితే ఆలోచించాలి? అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయం రైతులకు ఇచ్చే లెక్క ఇలా ఉంటుంది. 15 అంగుళాల లోతులోపు పదింటిలో మూడు కంటే తక్కువ చోట్ల గీత దాటితే పట్టించుకోనక్కర్లేదు. మూడు నుంచి ఐదు చోట్లయితే బిగువు స్వల్పం, ఐదు నుంచి ఏడు చోట్లయితే మధ్యస్థం. ఎనిమిది, ఆపైన అయితే తీవ్రం. మన నేలలకు దీన్ని శాసనంగా కాక కొలబద్దగా తీసుకోవాలి.

ఏ నేల ఎలా మోసం చేస్తుంది?

రేగడి: రాయచూరు, గుల్బర్గా, సోలాపూరు, నాందేడ్ వైపు నల్లరేగడి, కోవిల్‌పట్టి చుట్టూ కరిసల్ నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుంటాయి. ఎండితే రాయి, తడిస్తే ముద్ద. పదును నిలిచే రోజులు తక్కువ. ఎండిన రోజుల్లో చువ్వ నెర్రెలోకి జారితే మెత్తగానూ, పక్కనే గడ్డమీద పడితే రాయిలానూ తోస్తుంది. ఈ నేలకు ఒక మంచి గుణం ఉంది. ఎండి పగిలినప్పుడు కొంత బిగువు తానే విడిపోతుంది.

ఎర్రనేల: హోసూరు, కృష్ణగిరి, కోలారు వైపు గులకరాళ్లున్న ఎర్రమట్టిలో మొన రాయికి తగిలి ఆగిపోతుంది. టక్కుమని ఆగి, చేతికి గరగర తెలిస్తే అది రాయి. ఒక జానెడు పక్కకు జరిగి మళ్లీ పొడవండి. క్రమంగా బిగుస్తూ ఆగితే అది పొర.

ఒండ్రు: యానాం చుట్టూ గోదావరి ఒండ్రు నేలల్లో ఇసుక, బంక పొరలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ఇసుక పొరలో చువ్వ బిగిసినట్టు ఉండటం నది వేసిన పొర వల్ల, చక్రాల వల్ల కాదు. చుట్టుపక్కల అన్ని చేలల్లోనూ ఒకే లోతున అదే తగిలితే దాన్ని అలాగే అర్థం చేసుకోవాలి.

చవుడు: నీటిపారుదల భూముల్లో సోడియం పేరుకుంటే బంకరేణువులు విడివడి సందులు పూడుకుపోతాయి. చువ్వకు అది గట్టిగానే తగులుతుంది. అయితే ఇక్కడ రోగం బరువుది కాదు. భూసార కార్డులో ఉదజని సూచిక 8.5 దాటి ఉంటే ముందు జిప్సం, మురుగు కాలువ గురించి ఆలోచించాలి. అవి లేకుండా లోతుగా దున్నించినా నేల మళ్లీ బిగుస్తుంది. కార్డునూ చువ్వనూ కలిపి చదవాల్సింది ఇలాంటి చోటే.

గొయ్యి తవ్వి చూడందే నమ్మవద్దు

చువ్వ అడ్డు ఎక్కడుందో చెబుతుంది. అదేమిటో చెప్పదు. బాగా గట్టిగా తగిలిన చోట ఒకటి, మెత్తగా ఉన్న చోట ఒకటి చొప్పున మూరెడు లోతు గోతులు తవ్వండి. గోతి గోడను చాకుతో పైనుంచి కిందికి గుచ్చుతూ రండి. గట్టి పొరలో మట్టి అడ్డపలకలుగా విడుతుంది, గడ్డ విరిస్తే అంచులు పదునుగా ఉంటాయి, వేళ్లు దాని పైన చాపలా పరుచుకుంటాయి. పత్తి, కంది తల్లివేరు కిందికి దిగకుండా మోచేయిలా అడ్డం తిరిగి ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. అలా కాక వేళ్లు ఆ లోతు దాటి సాఫీగా దిగి ఉంటే, చువ్వ ఎంత గట్టిగా చెప్పినా, మీ పైరుకు దాంతో ఇబ్బంది లేనట్టే.

పగలగొట్టాలా, ఉంచాలా?

డబ్బు ఖర్చయ్యేది ఇక్కడే. గట్టి పొర కనబడగానే సబ్‌సాయిలర్ కిరాయికి తెచ్చి దున్నించడం అన్ని చేలకూ మంచిది కాదు.

1950ల్లో తుంగభద్ర నీళ్లు వచ్చాక సింధనూరు, గంగావతి చుట్టూ క్యాంపులు వేసుకున్న మన రైతులూ, హిరాకుడ్ కాలువల కింద బర్‌గఢ్ వైపు స్థిరపడ్డవారూ వరి పండించింది ఈ దమ్ము పొర మీదే. మడిలో నీరు నిలిపేది అదే. వరి మానే ఆలోచన లేని మడిలో దాన్ని చీలిస్తే నీరు కిందికి పోతుంది, తర్వాతి దమ్ములో ట్రాక్టరు దిగబడుతుంది. పెద్దలు ఏళ్లతరబడి కట్టిన పొరను ఒక్క పూటలో పోగొట్టుకున్నట్టవుతుంది.

అదే భూమిలో కాలువ చివర నీరందక మొక్కజొన్నకో, పత్తికో, పొద్దుతిరుగుడుకో, పండ్లతోటకో మారదలచుకుంటే నిన్నటిదాకా ఆస్తి అయిన పొరే అడ్డంకి. అప్పుడు చీల్చక తప్పదు. మడి మొత్తం పంట మార్చకపోతే మార్చే భాగాన్ని మాత్రమే చీల్చించండి.

చీల్చేటప్పుడు మూడు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, పదును చూసి పొడవాలి గానీ చీల్చడం మాత్రం కోతల తర్వాత నేల పొడిగా ఉన్నప్పుడు చేయాలి. పొడి నేల పగిలి విడుతుంది, తడి నేలలో నాగలి సందు మాత్రమే పడి పక్కలు ఇంకా నున్నగా బిగుస్తాయి. రెండు, చువ్వ చెప్పిన పొర అడుగుకు రెండు మూడు సెంటీమీటర్ల కిందికి దిగితే చాలు. అనవసరపు లోతుకు డీజిలు ఖర్చు, పైగా కింది మట్టి పైకి వస్తుంది. మూడు, చీల్చిన నేల మెత్తగా ఉంటుంది కనుక వెంటనే బరువు బండి తిప్పితే ముందుకంటే ఎక్కువ అణుగుతుంది. జనుమో జీలుగో చల్లి, లోతుకు వేరు తన్నే పైరు వేసి ఆ సందులను వేళ్లతో నింపాలి. మరుసటి ఏడాది ఇదే పదునులో, ఇవే చోట్ల మళ్లీ పొడిస్తే ఖర్చు దక్కిందో లేదో తేలుతుంది.

బిగువు స్వల్పమైతే ఇవేవీ అక్కర్లేదు. పదును రాకముందే ట్రాక్టరు దింపకపోవడం, ట్రాలీని గట్టుమీదే ఆపడం, దుక్కి లోతు ఏటా కాస్త మార్చడం, పచ్చిరొట్ట వేయడం చాలు.

ఇల్లు కట్టే స్థలంలో

ఊళ్లో స్థలం కొన్నవారికీ ఈ చువ్వ కొంత పనికొస్తుంది. స్థలమంతా రెండేసి అడుగుల దూరంలో పొడుచుకుంటూ పోతే పూడ్చిన గొయ్యి, పాత పెంటకుప్ప, మట్టి పోసి ఎత్తు చేసిన భాగం మెత్తగా తగిలి బయటపడతాయి. ఒక మూల గట్టిగా, ఇంకో మూల మెత్తగా ఉంటే ఇల్లు ఒకవైపు కుంగే ప్రమాదం ఉంది. ఆ సంగతి ఇంజినీరుకు ముందే చెప్పాలి.

పునాది గోతిలో బంకమట్టికి బొటనవేలి పరీక్ష పాతకాలం నుంచీ ఉంది. వేలు సులువుగా దిగబడితే మెత్తన. ఓ మోస్తరు బలంతో దిగితే మధ్యరకం. బాగా నొక్కితే గుంట మాత్రమే పడితే గట్టి. గోటి గీత మాత్రమే పడితే మరీ గట్టి. జేబులో పట్టే స్ప్రింగ్ పరికరం కొలిచేదీ దాదాపు దీన్నే. దాని సన్నటి కడ్డీని పావు అంగుళం లోతు నొక్కితే చదరపు సెంటీమీటరుకు 4.5 కిలోల దాకా చూపుతుంది. ఈ అంకెను చేలో వాడిన 20 కిలోల గీతతో పోల్చకూడదు. రెండు కొలతలూ వేరు.

పొలం చువ్వ మీటరు లోపే ఆగుతుంది. పునాది బరువు మోసేది అంతకంటే కింది మట్టి. పైగా రేగడి ఎండినప్పుడు ఎంత గట్టిగా తగిలినా వానాకాలం ఉబ్బి గోడలు చీలుస్తుంది, ఆ ఉబ్బును ఏ చువ్వా చెప్పదు. దానికి ప్రయోగశాలలో ఉబ్బుడు పరీక్ష వేరే ఉంది. పునాదికి చేసే ప్రామాణిక పరీక్షలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదిలి, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. అంతస్తు వేయదలచినవారు ఆ ఖర్చు తప్పించుకోవద్దు.

చేలోనైనా స్థలంలోనైనా ముందు కింద ఏముందో అడిగి తెలుసుకోండి. మోటారు కేబులు, డ్రిప్ గొట్టం, ఊళ్లో అయితే నీటి, గ్యాసు గొట్టాలు ఉన్న చోట చువ్వ దించకూడదు.

పరికరం పాతదే

మట్టిలోకి సూది దించి బిగువు చూడటం ఇంజినీర్లకూ కొత్త కాదు. అమెరికాలో మట్టి ఆనకట్టలు కట్టిన ఆర్.ఆర్. ప్రాక్టర్ 1933లో తన పద్ధతిని ప్రచురించినప్పుడే అలాంటి సూది ఒకటి వాడాడు. మన రోడ్ల పనుల్లో నేడు వాడే సుత్తి చువ్వకు 8 కిలోల సుత్తి, 575 మిల్లీమీటర్ల జారు, 60 డిగ్రీల మొన ఉంటాయి. పొలానికి గడియారం బిళ్ల ఉన్న కొలమానాలూ అమ్ముతారు. అవి కొనేముందు జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, ఉంటే చూపిస్తారు. వెళ్లేటప్పుడు మీ చువ్వ లెక్క రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. తేదీ, పదును, ఏ మడి, ఎన్ని పోట్లు, పొర పైఅంచు, అడుగు, గోతిలో వేళ్లు ఎలా ఉన్నాయో అందులో ఉంటే అవతలివారి భాష ఏదైనా మాట సూటిగా నడుస్తుంది.